మంచి చెయ్యి

ఈ వారమే ఈ కథ చేతికెత్తుకున్నవారికి నాలుగు ముక్కలు. దెందులూరు దగ్గర హైవే దిగి కొల్లేరు వైపు వెళ్ళే దారిలో బంగార్రాజు ఇల్లూ, ఆయన రొయ్యల చెరువులూ ఉన్నాయి. ఏడాదిన్నర కిందట, కొత్త పంట మొదలుపెట్టిన రోజునే, పెద్ద కొడుకు జయంత్ చెరువులో కరెంటు కొట్టి పోయాడు. అతని భార్య ఇందుజ, కూతురు భవాని ఆ ఇంట్లోనే ఉండిపోయారు. ఇప్పుడు ఇందుజకి తాడేపల్లిగూడెంలో ఒక బడిలో టీచరు ఉద్యోగం దొరికింది. పెంటపాడులో ఉన్న అన్న ఫణీంద్ర తల్లినీ పిల్లనీ తన ఇంటికి వచ్చెయ్యమన్నాడు. అత్త శేషారత్నం కోడలిని వెళ్ళమంది. మనవరాలిని మాత్రం పంపనంది. పోయిన వారం కథ ఆ మాట దగ్గరే ఆగింది. ఇవాళ ఫణీంద్ర కారు తీసుకుని వస్తున్నాడు. ఇవాళే చెరువులో మళ్ళీ కొత్త పంటకి ముహూర్తం.

*

డ్రిల్లు మోత ఆగేసరికి టైలు పగిలింది.

"మెల్లగా అని చెబుతూనే ఉన్నాను," అంది శేషారత్నం. "దేవుడి కిందే పగలాలా అది."

"చిన్న బీట అమ్మా. టాబ్లెట్ వెనక దాక్కుంటుంది."

తల్లికి చెముడని గట్టిగా చెప్పి, విశ్వతేజ స్టూలు మీద నిలబడి గోడకి స్టాండు బిగిస్తున్నాడు. బంగార్రాజు రెండో కొడుకు. చదువుకున్నవాడు, మెత్తగా మాట్లాడేవాడు. నిన్న ఏలూరు వెళ్ళి టాబ్లెట్ కొనుక్కొచ్చాడు. ప్లగ్గు ఉంది కదా అని ఫ్రిజ్ పక్కన పెట్టబోయాడు. శేషారత్నం ఒప్పుకోలేదు. తూర్పు గోడకే ఉండాలంది. నొక్కేవాళ్ళు తూర్పు ముఖంగా, దేవుడి ఎదురుగా నిలబడి నొక్కాలంది. అందుకని వైరు ఫ్రిజ్ దగ్గర బయల్దేరి, కిటికీ మీదుగా పాకి, గరిటెల వెనకనుంచి దేవుడి అర కిందికి చేరింది.

"ఇంటిల్లిపాదికీ ఇదొక్కటే చాలు," అన్నాడు విశ్వతేజ దిగుతూ. గ్యాస్ బుక్ చేసుకోవచ్చు. వంటలు చూసుకోవచ్చు. చెరువు గట్టు మీదున్న నాన్నగారు ఎందరికి క్యారేజీ కట్టాలో ముఖం చూపించి మరీ చెప్పొచ్చు. అన్నిటికన్నా పెద్ద ఉపయోగం చెరువులోని ఏరియేటర్లు. నీటిలో తిరుగుతూ రొయ్యకి ఊపిరినిచ్చే ఆ చక్రాలని వంటింట్లో నిలబడి ఒక్క వేలితో తిప్పొచ్చు.

వేలితో తిప్పడం ఆ ఇంటికి కొత్త కాదు. పంటపంటకీ చక్రాలు తొలిసారి తిప్పేది శేషారత్నమే. కోడలిగా వచ్చిన కొత్తలో గట్టు మీదికి వెళ్ళి మీట వేసేది. మోకాళ్ళు పట్టేశాక, మోటారుకి ఫోన్ స్టార్టర్ పెట్టించి ఇంటినుంచే నొక్కేది. ముత్తైదువ చెయ్యి, మంచి చెయ్యి అని పేరు. చుట్టుపక్కల రైతులు ముహూర్తానికి ముందు పళ్ళూ తాంబూలం పట్టుకుని వచ్చి, తమ మోటార్లు కూడా ఆవిడ చేతే నొక్కించుకునేవాళ్ళు. ఆ చెయ్యి ఒక్కసారే తప్పింది. ఆ తప్పు ఎవరిదో కూడా ఆ ఇంట్లో అందరికీ తెలుసు. సింకు దగ్గర వంకాయలు తరుగుతున్న ఇందుజది.

ఆ రోజు ఛార్జింగులో ఉన్న ఫోను గదిలోంచి తెచ్చి అత్తగారి చేతికిచ్చింది ఇందుజ. నెలసరి మొదలైన రోజు. బయట ఉన్నానని చెప్పకుండా ఫోను తాకింది. అత్తగారు నొక్కేవేళకి చెరువు దగ్గర కరెంటు లేదట. ముహూర్తం దాటిపోయి, వర్జ్యం వచ్చాక కరెంటు వచ్చిందట. మోటారు దానంతటదే తిరిగిందట. జయంత్ అప్పుడు నీళ్ళల్లో ఉన్నాడు.

పెద్దకర్మ నాడు, భోజనాలకి ముందు, బంధువుల మధ్య నిలబెట్టి అడిగింది శేషారత్నం. "ఆ రోజు నువ్వు బయట ఉన్నావా, లేదా?" మగవాళ్ళు తలొంచుకుని విస్తళ్ళు చూసుకున్నారు. ఇందుజ "ఉన్నాను" అంది. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. అడగక్కర్లేకపోయింది. అప్పటినుంచి ఇందుజ కూరలు తరుగుతుంది, గిన్నెలు తోముతుంది. పొయ్యి దగ్గరికి వెళ్ళదు. దేవుడి అర వైపు వెళ్ళదు. భర్త ఫొటో తుడవాల్సి వస్తే ముఖం తిప్పుకుని తుడుస్తుంది.

"వేలిముద్రలు పెట్టండి అందరూ," అన్నాడు విశ్వతేజ. "మనవాళ్ళ వేలు పడితేనే తెరుచుకుంటుంది."

శేషారత్నం కుడిచేతి వేలు చీరకొంగుతో తుడిచి అద్దం మీద ఆనించింది. తర్వాత విశ్వతేజ భార్య పద్మప్రియ. ఆమె వేలు తీస్తూ, "వదినగారిది?" అంది.

"దానికెందుకే. సాయంత్రానికి పెంటపాడులో ఉండే మనిషి," అంది శేషారత్నం. "భవాని ఏలూరు బడి నుంచి బస్సు దిగి వచ్చాక దానిది తీసుకోండి. అది మన పిల్ల."

ఇందుజ కత్తి ఆపలేదు. అలవాటైపోయింది.

"ప్రియా, పాత చెరువు మోటారు ఒకసారి నొక్కి చూడు," అన్నాడు విశ్వతేజ. "కొత్త చెరువుది ముట్టుకోకు. అది అమ్మది."

పద్మప్రియ నొక్కింది. టాబ్లెట్‌లోంచి ఓ ఆడగొంతు తాపీగా పలికింది. "కరెంటు లేదు. మోటారు ఆన్ కాలేదు."

గట్టు మీదనుంచి బంగార్రాజు ఫోను చేశాడు. "ఫ్యూజు తీసి ఉందిరా. మన కాపలా ఎలీయాజరు పెడుతున్నాడు. ఆ, ఇప్పుడు కొట్టు."

పద్మప్రియ మళ్ళీ నొక్కింది. అదే గొంతు, అంతే తాపీగా పలికింది. "మోటారు ఆన్ అయింది."

కత్తి ఆగింది.

"బాగుందే," అంది పద్మప్రియ నవ్వుతూ. "మా ఆయనకన్నా నయం. అడిగితే జవాబు చెబుతుంది."

"టైమవుతోంది, కొబ్బరికాయ తీసుకురా," అంటూ శేషారత్నం పట్టుచీర కట్టుకోవడానికి గదిలోకి వెళ్ళింది. వెనకే పద్మప్రియ వెళ్ళింది.

వంటింట్లో ఇద్దరే మిగిలారు. ఇందుజ చెయ్యి కడుక్కుంది. తడి తుడుచుకోలేదు.

"విశ్వా."

"చెప్పండి వదినా."

"కరెంటు లేకపోతే ఏమంటుందో ఇప్పుడే విన్నాను."

అతను స్క్రూలు ఏరి డబ్బాలో వేసుకుంటున్నాడు. "అవును. కొత్త యాప్ కదా. అన్నీ చెబుతుంది."

"గొంతు పాతదే."

అతను తలెత్తలేదు.

"ఆ రోజు అత్తయ్యగారు నొక్కేసి ఫోను మళ్ళీ నా చేతికే ఇచ్చారు. కర్పూరం వెలిగించుకుంటున్నారు. మోటారు ఆన్ అయింది అని నా చేతిలోనే చెప్పింది విశ్వా. ఎప్పుడు నొక్కినా అదే చెబుతుంది కాబోలనుకున్నాను. నాకేం తెలుసు. కరెంటు లేదని కూడా చెబుతుందని ఇవాళే తెలిసింది."

ఒక స్క్రూ అతని వేళ్ళ మధ్యనుంచి జారి స్టవ్ కిందికి దొర్లిపోయింది. అతను వంగి వెతకబోయాడు.

"తర్వాత వెతుక్కుందువుగాని. ఆ రోజు కరెంటు ఉందా, లేదా?"

"వదినా, ఇవాళ ముహూర్తం. ఇప్పుడెందుకు ఇవన్నీ."

"పెద్దకర్మ నాడు నన్ను అడిగినట్టే అడుగుతున్నాను. ఉందా, లేదా?"

"ఉంది," అన్నాడు విశ్వతేజ.

చాలా చిన్న గొంతుతో అన్నాడు. ఆ తర్వాత ఆపుకోలేక మిగిలింది కూడా చెప్పేశాడు. ఏరియేటరు తాడు ఊడిందని అన్నయ్య దిగాడు. ముహూర్తం వేళకి ఎక్కేస్తానన్నాడు. తను గట్టు మీదే ఉన్నాడు. అమ్మకి ఫోన్ చేసి కాస్త ఆగమందామనుకున్నాడు. వర్జ్యం వచ్చేస్తోందని నాన్నగారు తొందరపడుతున్నారు. అన్నయ్య ఎక్కేస్తాడులే అనుకున్నాడు. ఈలోగా చక్రాలు తిరిగాయి. వైరు ఎక్కడో తెగి ఉంది.

"చేశావా ఫోను?"

"లేదు."

"కరెంటు పోయి వచ్చిందని ఎవరు పుట్టించారు?"

"నాన్నగారు. నీ చేత్తోనే పోయాడని అమ్మతో ఎలా చెప్పేది వదినా? తెలిస్తే అమ్మ బతకదు."

"నేను బతికానుగా."

అతను స్క్రూల డబ్బాకి మూత పెట్టాడు.

"సరే, అత్తయ్యగారిని కాపాడుకున్నారు. మరి నా మీదికి ఎలా వచ్చింది?"

"అది అమ్మే అంది. మేం అనలేదు."

"వద్దని కూడా అనలేదు."

"ఏదో ఒకటి నమ్మితేనే కదా అమ్మ లేచి తిరిగేది. మీరు చిన్నవారు. తట్టుకుంటారనుకున్నాం."

మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. ఇందుజ అతని వైపు చూసింది. ఈ మనిషే తనకి జ్వరం వస్తే భీమడోలు వెళ్ళి మందులు తెచ్చాడు. భవానికి సైకిలు నేర్పాడు. అన్నీ చేశాడు, ఆ ఒక్క మాట చెప్పడం తప్ప. మంచివాడని ఊళ్ళో పేరు. ఆ పేరు చెడగొట్టుకోలేదు.

"నాకేమీ వద్దు," అంది. "భవానిని నాతో పంపమను. అంతే. తాడేపల్లిగూడెంలో నేను పనిచేసే బడిలోనే చేర్పించుకుంటాను. ఈ మాట నాతోనే పోతుంది."

"నేను చెబితే అమ్మ వింటుందా?"

"వినకపోతే నేను చెబుతాను. ఏం వినిపించిందో చెబుతాను."

"బెదిరిస్తున్నారా వదినా?"

"అవును."

పట్టుచీర గరగర వినపడింది. శేషారత్నం వచ్చింది. ఆకుపచ్చ మీద కుంకుమరంగు అంచు, కొప్పులో చామంతులు. వెనక పద్మప్రియ పళ్ళెం పట్టుకుని ఉంది. సింకు దగ్గర ఇంకా ఇందుజ ఉండటం చూసి శేషారత్నం ఆగింది. కోపంగా ఏమీ అనలేదు. ఆవిడ ఎప్పుడూ కోపంగా అనదు.

"పెరట్లోకి వెళ్ళమ్మా. ఏమీ అనుకోకు. కొత్త నీళ్ళు పెట్టాం, లక్షల రొయ్యపిల్లల్ని వదలాలి. మీట పడే వేళకి నువ్వు ఎదురుగా ఉండకు."

ఇందుజ మరిది వైపు చూసింది. విశ్వతేజ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, భవానిని కూడా వదినతో పంపేద్దామా? చిన్నపిల్ల కదా. తల్లి దగ్గరుంటే..."

"ముహూర్తం పెట్టుకుని ఇదేం మాటరా," అంది శేషారత్నం. "నా కొడుకుని ఎలాగూ తినేసింది. వాడి గుర్తు కూడా మూటకట్టి ఇవ్వమంటావా?"

విశ్వతేజ ఊరుకున్నాడు. ఊరుకోవడం అతనికి వచ్చు.

ఇందుజ పెరట్లోకి వెళ్ళలేదు. సింకుకి వీపు ఆనించి అక్కడే నిలబడింది. శేషారత్నం ఒక క్షణం చూసి, వేళ మించిపోతోందని తూర్పుకి తిరిగింది. టాబ్లెట్ అంచుకి పసుపు రాసింది. దండం పెట్టుకుంది. వేలు తుడుచుకుని నొక్కింది.

"మోటారు ఆన్ అయింది," అంది ఆ గొంతు.

వెంటనే మోగిన ఫోన్లో బంగార్రాజు కేక వినపడింది. "తిరుగుతున్నాయే రత్నం. అన్నీ తిరుగుతున్నాయి."

పద్మప్రియ కొబ్బరికాయ కొట్టింది. అప్పుడే గేటు దగ్గర కారు హారను మోగింది.

"వాళ్ళ అన్నయ్య వచ్చినట్టున్నాడు. వెళ్ళి కూర్చోబెట్టు ప్రియా, మంచినీళ్ళివ్వు," అంది శేషారత్నం. పద్మప్రియ వెళ్ళింది. శేషారత్నం ఫోను కట్టేసి, కర్పూరం బిళ్ళ వెతుక్కుంటూ అంది. "నీ బట్టలు సర్దుకున్నావా?"

"అత్తయ్యగారూ, ఇప్పుడు ఏం వినపడింది మీకు?"

"వదినా," అన్నాడు విశ్వతేజ.

"ఆ రోజు కూడా మీరు నొక్కాక ఇదే వినపడింది. కరెంటు లేదనలేదు. మోటారు ఆన్ అయింది అంది. మీ చెయ్యి ఆ రోజు తప్పలేదు అత్తయ్యగారూ. సరిగ్గానే పడింది. ఆయన నీళ్ళల్లో ఉండగా పడింది."

అనేసింది. ఏడాదిన్నర తను మోసినదంతా ఒక్కసారిగా ఆ ముసలామె నెత్తిన పడేసింది. పడితే ఆ మనిషి ఏమవుతుందో తెలిసే పడేసింది. ఆవిడ కూలిపోవడం కళ్ళారా చూడాలనే ఉంది ఆమెకి. ఆ కోరికకి ఆమె సిగ్గుపడలేదు.

శేషారత్నం కూలిపోలేదు. అగ్గిపుల్ల గీసింది. కర్పూరం వెలిగించింది. హారతి ఇచ్చి, పళ్ళెం కింద పెట్టి, అప్పుడు తిరిగింది.

"విన్నాను," అంది.

"ఇప్పుడు కాదు. ఆ రోజు."

"ఆ రోజే విన్నాను. నాకు చెముడని మీరంతా అరిచి మాట్లాడతారు. ఆ ఫోను స్పీకరు వీధిలోకి వినపడుతుంది. నీకు వినపడింది నాకు వినపడలేదనుకున్నావా?"

విశ్వతేజ స్టూలు మీద కూలబడ్డాడు. "అమ్మా, నీకు తెలుసా?"

"నువ్వూ మీ నాన్నగారూ నన్ను కాపాడుతున్నామనుకుని నా ముఖం చూడకుండా తిరిగారు. ఎందుకొచ్చిన గొడవలే అని నేనూ కాపాడనిచ్చాను."

ఇందుజ సింకు వదిలి ఒక అడుగు ముందుకి వేసింది. "తెలిసే నన్ను నిలబెట్టి అడిగారా? అంతమందిలో?"

"మరేం చెయ్యమంటావు?" అంది శేషారత్నం. గొంతు పెరగలేదు. పప్పు ఉడికిందా అని అడిగినట్టే ఉంది. "ఆ చెయ్యి నాదేనని ఒప్పుకుంటే, ఈ చేత్తో నేను అన్నం ఎలా కలుపుకుంటాను? దీపం ఎలా పెడతాను? ఎవరో ఒకరికి అంటించాలి. నువ్వు దగ్గర్లో ఉన్నావు."

"నేను నిజమనుకున్నాను. ఇన్నాళ్ళూ నేనే చంపానని..."

"అనుకోవాలనే కదా."

విశ్వతేజ రెండు చేతులతో ముఖం మూసుకున్నాడు. తల్లి అతని వైపు చూడలేదు.

"పోనీ, తెలిసింది కదా," అంది ఇందుజ. "నేను ఎవరికీ చెప్పను. నా పిల్లని నాకు ఇచ్చెయ్యండి. వెళ్ళిపోతాం."

శేషారత్నం చిన్నగా నవ్వింది. "పిచ్చిదానా. నీకు తెలియనన్నాళ్ళూ నువ్వు ఎక్కడికి వెళ్ళినా నాకు భయం లేదు. పెంటపాడులో కూర్చుని ఏడ్చినా నీ తప్పుకి నువ్వు ఏడ్చేదానివి. ఇప్పుడు తెలిసింది. తెలిసినదాన్ని ఊళ్ళ మీదికి వదులుతానా? నువ్వూ వెళ్ళవు, పిల్లా వెళ్ళదు. సింకు అక్కడే ఉంది, నువ్వూ అక్కడే ఉంటావు."

గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు. ఫణీంద్ర తొంగిచూశాడు. చేతిలో అరటిపళ్ళ అత్తం, ముఖం నిండా చెమట. వరికోతలు వదిలిపెట్టి వచ్చిన మనిషి.

"బాగున్నారా అత్తయ్యగారూ?"

"రా బాబూ రా. ఎండన పడి వచ్చావు," అంది శేషారత్నం ఎదురెళ్ళి, పళ్ళు అందుకుంటూ. "కాళ్ళు కడుక్కో, మజ్జిగ తాగుదువుగాని. అనవసరంగా నీకు శ్రమయింది. మీ చెల్లెలు మనసు మార్చుకుంది. పిల్లని వదిలి ఉండలేదట. ఇక్కడే ఉంటానంటోంది."

"అదేంటి," అన్నాడు ఫణీంద్ర. "నిన్న ఫోన్లో వస్తానందే. ఇందూ, అవునా?"

శేషారత్నం వెనక్కి వచ్చి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. జయంత్ పోయాక ఆ చెయ్యి ఆమెని తాకడం అదే మొదలు. మెత్తగా, బరువుగా ఉంది.

"చెప్పమ్మా," అంది లాలనగా. "సిగ్గెందుకు, మీ అన్నయ్యే కదా. నువ్వు కాదని వెళ్ళినా నేను బలవంతపెట్టను. భవాని బస్సు దిగి అమ్మ ఏదీ అని అడిగితే, నీకంటే ఉద్యోగం ముద్దయిందని చెబుతాను. చిన్నపిల్లలకి ఏం చెబితే అదే మనసులో పడుతుంది. నీకు తెలియనిదా."

ఫణీంద్ర ఒకరి తర్వాత ఒకరి ముఖం చూశాడు. ఏమీ అర్థం కాలేదు.

ఇందుజ భుజం మీది చెయ్యి తీసి పక్కన పెట్టింది. గిన్నె పక్కకి జరిపినట్టు పెట్టింది.

"అన్నయ్యా, కారు తిప్పు," అంది. "బట్టలు వద్దు. ఏలూరు వెళ్దాం. బడి వదలక ముందే భవానిని అక్కడే ఎక్కించుకుందాం."

శేషారత్నం మొదటిసారి ఊపిరి గట్టిగా పీల్చింది. నవ్వు ఇంకా ముఖాన అలాగే ఉంది.

"విశ్వా," అంది, కొడుకు వైపు తిరక్కుండానే. "వీధి తలుపు గడియ పెట్టు. తాళం వేసి చెవి నా చేతికియ్యి."

విశ్వతేజ లేచాడు. ఫణీంద్రని దాటుకుని హాల్లోకి వెళ్ళాడు. వీధి తలుపు దగ్గర ఆగాడు. గడియ మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి తల్లివైపు చూశాడు. తర్వాత వదిన వైపు చూశాడు.